నేను కడగనివ్వని మంచు బండి

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి కారణం రాజన్న పదోరోజు భోజనాలు. టెంటు కింద బంతిలో కూర్చున్నాం. నా ఎదురుగా ఉన్న పెద్దమనిషి పప్పు కలుపుకుంటూ, "రాజన్న మంచోడే గని, దుబాయ్ల షేకు మంచు బండిని ఖరాబు చేసి ఇంటికి తోలిచ్చుకున్నడు" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. "ఎడారిల మంచు బండి ఏందే? ఆయన చెప్పుడు, మీరు నమ్ముడు" అని ఇంకొకాయన. అది దుబాయ్ కాదు, ఖతర్. షేకు కాదు, పడవల వ్యాపారి కొడుకు. బండి మాత్రం నిజం. దాన్ని ఖరాబు చేసింది రాజన్న కాదు, నేను. ఇవన్నీ ఆ టెంటు కింద నా ఒక్కడికే తెలుసనుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచి, ఇంకొంచెం చారు వేయమని అడిగాను. ఇంటికి వచ్చాక వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నవ్వినవాళ్ళ మీద కోపం, ఖతర్‌ను దుబాయ్ అన్నందుకు కోపం, చారు చల్లగా ఉన్నందుకు కూడా కోపం. అసలు కోపం ఎవరి మీదో తెలిసేసరికి ఇదిగో, నోట్‌బుక్ ముందు కూర్చున్నాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడ మొదలైంది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. కానీ మా మండల గ్రంథాలయంలో నేను చదవని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. వ్యవసాయం, హోమియో వైద్యం, రేడియో బాగుచేయడం, రష్యా కథలు, ఏది దొరికితే అది. అక్కడ ఒక విజ్ఞాన సర్వస్వం ఉండేది, మూడో సంపుటం ఎవరో తీసుకుపోయి తిరిగివ్వలేదు. ఆ సంపుటంలో ఉండాల్సిన సంగతులు నాకు ఈ రోజుకూ తెలియవు. అచ్చులో ఉన్నది అబద్ధం కాదనీ, అచ్చులో లేనిది అంత ముఖ్యం కాదనీ నా నమ్మకం. ఇంగ్లీషు కూడా అలాగే, మందు డబ్బాల మీద కాగితాలూ పంపుసెట్ల పుస్తకాలూ చదివి, నాకు నేనే నేర్చుకున్నాను.

మేం ఖతర్ వెళ్ళిన రోజుల్లో రాస్ లఫాన్‌లో గ్యాస్ ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. మావైపు నుంచి వచ్చినవాళ్ళంతా పొద్దున్నే బస్సులెక్కి అటే పోయేవాళ్ళు. నాకూ రాజన్నకూ మాత్రం అల్ ఖోర్‌లో పడవల యార్డులో పని దొరికింది. ఆయన ఊరు జగిత్యాల దగ్గర, మా ఊరికి రెండు ఊర్ల అవతల. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అప్పట్లో చమురు డబ్బు, గ్యాస్ డబ్బు పొంగి పొర్లుతుంటే, దానితో పాటు పడవలూ పొంగాయి. సన్నగా, బాణాల్లాగా ఉండే స్పీడ్ బోట్లు. వెనకాల రెండేసి, మూడేసి ఇంజన్లు. వాటిని సముద్రంలో ఉరికించి, సాయంత్రానికి తెచ్చి మా ముందు పడేసి పోయేవాళ్ళు. మా పని వాటిని కడగడం.

కడగడమంటే మా ఊళ్ళో ట్రాక్టరు కడిగినట్టు కాదు. ఉప్పునీళ్ళు తాగిన ఇంజనుకు మంచినీళ్ళు తాగించాలి. నీళ్ళు పీల్చే కన్నాలకు రబ్బరు గిన్నెలు తగిలించి, పైపు పెట్టి, ఇంజను నడుపుతూ లోపలి ఉప్పంతా పోయేదాకా ఆగాలి. తర్వాత బయట, మూల మూలనా, ప్రతి బోల్టు కిందా. అంతా అయ్యాక రాజన్న ఒక పని చేసేవాడు. చూపుడువేలు ఇంజను మీద రాసి, నాలుక మీద పెట్టుకునేవాడు. "ఇంగ చప్పగ కాలే" అని మళ్ళీ పైపు పట్టేవాడు. నాకు రోత పుట్టేది. "అన్నా, పెట్రోలు, గ్రీసు అన్నీ నాకుతున్నవ్, కడుపు పాడైతది" అంటే, "నీ పుస్తకంల ఉప్పు రుచి రాసి ఉంటదారా?" అని నవ్వేవాడు. ఆయన కడిగిన ఇంజను ఉప్పు పట్టి ఆగిందని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

క్యాంపు గదిలో ఆరుగురం. పొద్దున ఐదింటికి రాజన్న స్టవ్ వెలిగిస్తే, టీ వాసనా బూడిదరంగు యూనిఫాంలకు పట్టిన పెట్రోలు వాసనా కలిసిపోయి, ఏది తాగుతున్నామో తెలిసేది కాదు. గాలి సముద్రం వైపు నుంచి వస్తే జాలర్లు ఎండబెట్టిన చేపల వాసన. శుక్రవారం సెలవు. ఆ రోజు ఆయన సర్వపిండి చేసేవాడు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి, గిన్నె అడుగున వేళ్ళతో అద్ది, మూతపెట్టి కాల్చేవాడు. మధ్యలో వేలితో కన్నాలు పెట్టి నూనె పోసేవాడు. మాడుతుందేమో అని మేం తొందరపడితే, "ఇగురం లేనోళ్ళకు తిండి పెట్టద్దు" అని, పద్ధతి తెలియనివాళ్ళమని గరిటె చూపించేవాడు. ఇల్లు వదిలి వచ్చిన మిగతా ఐదుగురు మగవాళ్ళకు ఆయన ఇంటి పెద్దగా ఉండేవాడు. జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది ఆయనే, లచ్చవ్వకు ఉత్తరం రాయమని నా వెంటపడేది కూడా ఆయనే. లచ్చవ్వ ఆయన భార్య. ఆయనకు రాయడం రాదు, ఆమెకు చదవడం రాదు. ఆయన చెప్పినదానికి నేను పుస్తకాల మాటలు కలిపి రాస్తే, అక్కడ ఎవరో చదివి వినిపించేవాళ్ళు. "నా పెండ్లాం గీ మాటలు నేనన్నవి కావని పసిగట్టిందట" అని ఒకసారి ఆయన నన్ను తిట్టాడు కూడా.

నాకొక్కటే కోరిక. నా గుర్తింపు కార్డు మీద వృత్తి దగ్గర 'క్లీనర్' అని ఉండేది. అది 'మెకానిక్' కావాలి. ఇంజన్ల గురించి నాకు తెలిసినంత మా ఫోర్‌మన్ కుట్టన్‌కు తెలియదని నా లెక్క. ఆయన కేరళవాడు, చేతిపని గొప్పగా వచ్చినవాడు, కానీ పుస్తకం ముట్టేవాడు కాదు. నేనేదైనా చెప్పబోతే, "పైప్ పకడో, భాషణ్ మత్ దో" అని, ఉపన్యాసాలు మాని పైపు పట్టుకోమని వెళ్ళిపోయేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

చలికాలంలో అక్కడ ఉత్తరం నుంచి గాలి లేస్తుంది. రోజుల తరబడి సముద్రం రేగి ఉంటుంది, పడవలు యార్డులోనే కట్టేసి ఉంటాయి. యజమాని కొడుకు జాసింకు అది జైలుతో సమానం. పాతికేళ్ళవాడు, వేగం లేకపోతే తిండి సయించేది కాదు. ఒక చలికాలం అతను లెబనాన్ కొండలకు పోయి, మంచు మీద నడిచే బండి తోలి వచ్చాడు. తోలి రావడమే కాదు, ఒకదాన్ని పెట్టెలో పెట్టించి తెప్పించాడు. మేకులు పీకి పెట్టె తెరిస్తే అందరం చుట్టూ మూగాం. ముందు చక్రాలకు బదులు రెండు పొడవాటి జారుడు బద్దలు, వెనక యుద్ధ ట్యాంకుకు ఉన్నట్టు వెడల్పాటి రబ్బరు పట్టా, మోటారు సైకిలు హ్యాండిలు. రాజన్న చుట్టూ తిరిగి, "గిది పడవా, బండా, నాగలా?" అన్నాడు. జాసిం ఇంగ్లీషులో చెప్పాడు: వేసవిలో పడవ ఎలాగో, చలికాలంలో ఇది అలాగ. మంచు లేకపోతేనేం, ఇసుక లేదా?

ఇసుక ఉంది. యార్డు వెనక బయలులో తోలాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, ప్లాస్టిక్ కాలిన కంపు, ఎర్రలైటు, ఆవిరి. కుట్టన్ తల గోక్కున్నాడు. మర్నాడు మళ్ళీ అదే. జాసిం స్పానర్ విసిరేసి కుట్టన్‌ను అరబ్బీలో తిట్టాడు. అప్పుడు నేను ముందుకొచ్చి, బండితో వచ్చిన పుస్తకం ఇస్తే చదివి చెప్తానన్నాను. కుట్టన్ నవ్వాడు. "క్లీనర్ కితాబ్ పఢేగా!" జాసిం మాత్రం పుస్తకం నా చేతుల్లోకి విసిరి, "యల్లా, చదువు" అన్నాడు.

ఆ పుస్తకం చదవడానికి నిఘంటువు కావాల్సి వచ్చింది. అల్ ఖోర్‌లోనే కంపెనీ ఇళ్ళలో ప్రసాదరావు గారని రాజమండ్రి ఇంజనీరు ఉండేవారు. గుళ్ళు లేని చోట శుక్రవారాలు ఆయన ఇంట్లో భజన జరిగితే వెళ్ళి పరిచయమయ్యాను. ఆయన నిఘంటువు ఇచ్చి, "చదువుకోవయ్యా, మంచిదే. కానీ ఆ పుస్తకం రాసినవాడు ఏ దేశంలో కూర్చుని రాశాడో అది కూడా గుర్తు పెట్టుకో" అన్నారు. ఆ మాటకు తల ఊపాను. అర్థం చేసుకోలేదు.

మూడు రోజుల్లో చదివేశాను. నాకు దొరికింది చూసి ఎగిరి గంతేశాను. ఆ బండికి మంచు దారి మాత్రమే కాదు, మందు కూడా. పట్టా తిరిగేటప్పుడు ఎగిరే మంచు ఇంజను నీళ్ళను చల్లబరుస్తుంది, పట్టా జారే ప్లాస్టిక్ బద్దలను తడుపుతుంది. ఇసుక ఆ రెండూ చేయదు. అంటే తెల్లగా, చదునుగా, తడిగా ఉండే నేల కావాలి. మంచును నేను బొమ్మల్లోనే చూశాను. నాకు వెంటనే సబ్ఖా గుర్తొచ్చింది. సముద్రం పక్కన ఉప్పు పేరుకున్న పర్ర నేలను అక్కడ అలా అంటారు. వాన పడిన మర్నాడు అది అచ్చం నా పుస్తకంలో బొమ్మలాగే మెరుస్తుంది.

రాజన్నకు చెప్తే చేతిలో గుడ్డ కింద పెట్టాడు. "ఉప్పు మీద తోలుతవా?"

"తడి ఉంటది గద అన్నా. చల్లగైతది."

"మనం దినామ్ కడిగేదేంది తమ్మీ? ఉప్పే గద. దాన్నే తీస్కపోయి బండి కడుపుల పోస్తనంటవ్."

"కొద్దిసేపే. మల్ల తెచ్చి చూస్కుంటం."

"చూస్కుంటమంటే మంచిదే" అని ఊరుకున్నాడు.

వాన కోసం జాసిం తొమ్మిది రోజులు ఆగాడు, అది అతని జీవితంలో రికార్డు అని కుట్టన్ అన్నాడు. వాన పడింది. పొద్దున్నే ట్రాలీ మీద బండి తీసుకుపోయాం. జాసిం ఎక్కి యాక్సిలరేటరు నొక్కాడు. పట్టా వెనక తెల్లటి బురద మనిషి ఎత్తున లేచింది. బండి జారుకుంటూ పోయి, చిన్నదై, చుక్కై, మలుపు తిరిగి మళ్ళీ పెద్దదై వచ్చింది. ఎర్రలైటు వెలగలేదు. కాలిన కంపు లేదు. జాసిం ముఖమంతా ఉప్పు బురద, నోరంతా నవ్వు. నా భుజం పట్టుకుని ఊపి, "ముహందిస్! ముహందిస్!" అన్నాడు. ఇంజనీరు అని. కుట్టన్ వైపు తిరిగి, ఇతని కార్డు మీద మెకానిక్ అని మార్పించు అని అక్కడే చెప్పాడు. నా జీవితంలో అంత వెలుగు ఉన్న పొద్దు మళ్ళీ రాలేదు. ఆ మాట రాయడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది.

యార్డుకు వచ్చేసరికి రాజన్న మంచినీళ్ళ పైపు విప్పి సిద్ధంగా ఉన్నాడు. నేను అడ్డం పోయాను.

"ఆగన్నా. పుస్తకంల వద్దని ఉంది."

"ఏం వద్దని ఉంది?"

"బేరింగులకు నీళ్ళు గట్టిగ కొట్టద్దట. పొడిగ తుడిచి, గుడ్డ కప్పి పెట్టాలట."

"మంచుకు గట్ల రాసిండు గావచ్చు. గిది ఉప్పు." వేలు పట్టా కింద పెట్టి నాకి, ముఖం వికారంగా పెట్టాడు. "నువ్వు నాకి సూడు. ఒక్కసారి సూడు."

"నేను నాకను. నాకు చదవొస్తది." ఈ మాట అన్నాను. అచ్చం ఇలాగే అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆయన మీద. రాజన్న "నువ్వు మెకానిక్‌వి, నేను క్లీనర్‌ని. సరే" అని పైపు చుట్టేశాడు. నేను పొడిగుడ్డతో పైపైన తుడిచి, మందపాటి టార్పాలిన్ కప్పాను. లోపలి తడి ఎక్కడికీ పోకుండా, నా చేతులతోనే.

మూడు వారాల తర్వాత మళ్ళీ వాన. ఈసారి జాసిం స్నేహితులను పిలిచాడు. నాలుగు కార్లలో వచ్చారు. టార్పాలిన్ తీస్తే బండి అడుగంతా తెల్ల బూజు పట్టినట్టుంది. అల్యూమినియం పొడిపొడిగా రాలుతోంది, ఇంజను నీళ్ళు చల్లబరిచే రేకుకు చిల్లులు పడి, కూలెంటు కారి కింద పచ్చటి మడుగు. పట్టా తిప్పబోతే తిరగలేదు. బేరింగులన్నీ బిగుసుకుపోయాయి. స్నేహితుల్లో ఒకడు నవ్వాడు. ఆ నవ్వే అసలు ప్రమాదం. జాసిం ముఖం నల్లబడింది. "దీన్ని కడిగే మనిషి ఎవడు?" అన్నాడు.

కుట్టన్ రాజన్న వైపు చూశాడు. కడగడం ఆయన పని, అది కాగితం మీదే ఉంది. నా కొత్త కార్డు ఇంకా రాలేదు, ఆఫీసులో సంతకం కోసం ఉంది. నేను ఒక్క మాట అంటే చాలు. నేనే వద్దన్నాను అని. ఆ మాట నాకు ఇంగ్లీషులో వచ్చు, హిందీలో వచ్చు, అరబ్బీలో కూడా ఆపాటికి వచ్చు. మూడు భాషల్లోనూ మనసులో చెప్పుకున్నాను, బయటికి ఒక్కటీ రాలేదు. రాజన్న నావైపు చూశాడు. చాలాసేపు కాదు. తర్వాత కుట్టన్‌తో, "హా, మై నహీ ధోయా" అన్నాడు. కడగలేదన్న మాట నిజమే కదా. ఎందుకు కడగలేదని ఎవరూ అడగలేదు.

"ఖలాస్" అన్నాడు జాసిం.

నాలుగు రోజుల్లో ఆయన్ని పంపేశారు. ఆ రోజులు గదిలో అన్నం ఎప్పటిలాగే వండాడు, నా కంచంలో ఎప్పటిలాగే వడ్డించాడు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. బస్సు వచ్చినప్పుడు నేను ఆయన సూట్‌కేసు పట్టుకోబోతే, "ఇడువు" అని తానే ఎత్తుకున్నాడు. ఆ వారమే నా కార్డు వచ్చింది. మెకానిక్. ఆ తర్వాత అక్కడ పదకొండేళ్ళు చేశాను. ఇంజన్లు విప్పాను, బిగించాను, కుట్టన్ కూడా సలహా అడిగేవాడు. శుక్రవారం ఆ గదిలో మళ్ళీ ఎవరూ సర్వపిండి చేయలేదు. మంచు బండి షెడ్డు వెనక పడి ఉండేది, దాని పక్కనుంచి రోజుకు నాలుగుసార్లు నడిచేవాణ్ణి.

తిరిగొచ్చాక మెట్‌పల్లిలో మోటారు సైకిళ్ళ షాపు పెట్టాను. రాజన్నను సంతలో ఒకటి రెండుసార్లు చూశాను. "మంచిగున్నవా?" అంటే "మంచిగున్న" అన్నాడు. అంతే. ఇప్పుడు మా వీధి పిల్లలు మనాలి పోయి ఆ బండ్లు ఎక్కి, ఫోనులో వీడియోలు చూపిస్తున్నారు. "అంకుల్, గిదేనా మీరు చెప్పింది?" అంటారు. అప్పుడు నాకొక నిఘంటువు సంపాదించడానికి రెండు శుక్రవారాలు పట్టింది. వీళ్ళకు ఉప్పు వల్ల అల్యూమినియం ఏమవుతుందో అరనిమిషంలో తెలుస్తుంది. కానీ నాకు ఆ రోజు కావలసింది తెలివి కాదు, పక్కనున్న మనిషి వేలు. ఫోను ఉన్నా నేను ఆయన్ని వినేవాణ్ణి కాదు, ఫోనునే వినేవాణ్ణి. ఇది తలచుకుంటే పళ్ళు పటపట కొరకాలనిపిస్తుంది. మా గ్రంథాలయంలో ఇప్పుడు నేనూ ఇద్దరు పేపరు చదివేవాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. ఒకప్పుడు దానికి ఊరందరి మీదా విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు నోరు లేవడం లేదు.

పదోరోజు అయిపోయిన వారానికి లచ్చవ్వ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ విన్నది. ఆపలేదు. చివరికి అంది: "నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుకే. ఆయన ఖతర్ నుంచి వచ్చిన నాడే చెప్పిండు. టెంటు కింద అందరు నవ్వినప్పుడు చెప్పేదుండె."

"నోరు రాలేదు వదినా."

"రాత వస్తది గద. ఉత్తరాలల్ల బగ్గ రాస్తివి. రాయి. రాసి నలుగురు సదివే కాడ పెట్టు."

అందుకే ఇది. ఇక ఇది పూర్తి కావడానికి సాయపడినవాళ్ళ పేర్లు చెప్పి ముగించాలి. నిఘంటువుతో పాటు నేను పట్టించుకోని మంచి మాట కూడా ఇచ్చిన ప్రసాదరావు గారికి. ఫోనులో దొరికి, "హా, హమ్ సబ్ కో మాలూమ్ థా, గంగారాం" అని, అప్పుడే అందరికీ తెలుసని ఇన్నేళ్ళకు ఒప్పుకున్న కుట్టన్‌కు. నా వంకర రాతను మళ్ళీ శుభ్రంగా రాసిన లైబ్రేరియన్ సుజాతమ్మకు. దీన్ని లచ్చవ్వకు చదివి వినిపించిన ఆమె కోడలు రమకు నా నమస్కారాలు. అందరికంటే ఎక్కువ లచ్చవ్వకు. రమ చదువుతుంటే ఆమె ఒకే ఒక్క చోట ఆపించింది. సంతలో కలిసినప్పుడు రాజన్న నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీ తమ్మీ, నా మనసుల ఏం లేదు" అన్నాడని నేను రాసుకున్నాను. "గా మాట ఆయన అనలే," అంది లచ్చవ్వ, "కొట్టేయ్." కొట్టేశాను.